స్లీవ్ ఆపరేషన్ తర్వాత ఇన్ఫెక్షన్: నాడి చూడండి

ప్రశ్న: బరువు తగ్గడానికి మా అక్క స్లీవ్ ఆపరేషన్ చేయించుకుని మొన్ననే ఇంటికొచ్చింది. పొట్టమీది కుట్లు శుభ్రంగా ఉన్నాయి. ఇన్ఫెక్షన్ భయం లేనట్టేనా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అలా అనుకోవద్దమ్మా. అసలు చూసుకోవలసింది లోపలి కుట్లను. జీర్ణాశయాన్ని కోసి స్టేపుల్ చేసిన వరసలో చిన్న సందు పడినా జీర్ణరసాలు, బ్యాక్టీరియా పొట్టలోకి కారి చీము పడుతుంది. అన్నవాహిక కలిసేచోటికి దగ్గర్లోనే ఇది ఎక్కువ. అరుదే, కానీ ప్రాణాంతకం. ఇంటికి వచ్చాక, రెండు మూడు వారాలకు కూడా బయటపడవచ్చు.

లావుగా ఉన్నవారిలో పొట్ట నొక్కి చూసినా ఒక్కోసారి తెలియదు. నాడి ముందు చెబుతుంది. కదలకుండా ఉన్నా నిమిషానికి 120 దాటి కొట్టుకుంటుంటే, జ్వరం లేకపోయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినా ఇలాగే ఉంటుంది; అదీ అత్యవసరమే. జ్వరం, చలి, ఆయాసం, ఎడమ భుజం నొప్పి, పెరిగే కడుపునొప్పి కూడా ప్రమాద సూచనలే. సాధారణంగా సీటీ స్కాన్ చేస్తారు. లీకైతే యాంటీబయాటిక్స్ ఒక్కటే చాలవు, చీము బయటికి తీయాలి. కొందరికి స్టెంటో, మళ్లీ ఆపరేషనో అవసరం.

పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా ఆగొద్దు. ఆపరేషన్ చేసిన సర్జన్ ఫోన్ నంబరు ఇంట్లో అందరి దగ్గరా ఉంచండి.