సంగ్లేచీ లోయవారి భాషయు, చెవికి అందవలసిన వాక్యమును

చదువవలసిన భాగములు: అపొస్తలుల కార్యములు 2:1–13, రోమా 10:14–17



పెంతెకొస్తు దినమున యెరూషలేములో కూడిన జనముల పేరులు వ్రాయుచు లూకా మొదట పార్తీయులను, మాదీయులను చెప్పెను. ఆ పేరుల వరుసను మనము సాధారణముగా తొందరగా చదివి, పేతురు ప్రసంగమునకు వెళ్లిపోవుదుము. ఈ నెల కొంచెము ఆగుదము. ఆ ఇద్దరును ఇరాను కుటుంబపు భాషలు మాటలాడినవారు. అదే కుటుంబములోని ఒక చిన్న భాష నేటికిని కొండల నడుమ బ్రదికియున్నది. దాని పేరు సంగ్లేచీ.

ఆఫ్గనిస్తానము ఈశాన్య మూలను బదఖ్షాన్ అను కొండసీమ కలదు. అందులో జేబాక్ ప్రాంతమునకు చేరిన సంగ్లేచ్ లోయలో, కొలదిపాటి గ్రామములలో మాత్రమే ఈ భాష వినబడును. ఆ లోయ వెంట పైకి పోయిన దారి దోరా కనుమ దాటి చిత్రాల్ సీమకు చేరును. అచ్చటివారు ఇస్మాయిలీ ముస్లిములు. 11వ శతాబ్దమున నాసిర్ ఖుస్రో అను పారసీక కవి ఆ సీమలో ఆ బోధను వ్యాపింపజేసెను.

వారి మాటలలో ఒకటి వినుడి. సూర్యుని వారు ‘ఒర్మోజ్ద్’ అందురు. ఇది ప్రాచీన పారసీకులు తమ దేవుని పిలిచిన ‘అహుర మజ్దా’ అను పేరునుండి వచ్చినది. ఆ మతము వారిలో ఎప్పుడో అంతరించినను, మాట మాత్రము తల్లి నోటినుండి బిడ్డ చెవికి దిగివచ్చినది. ఇంటి భాషకు ఎంత బలమున్నదో చూడుడి.

అయినను ఆ బలము శాశ్వతము కాదు. 1920లో గ్రియర్సన్ దొర ప్రకటించిన గ్రంథములో సంగ్లేచీకి దగ్గర చుట్టమైన జేబాకీ అను భాషయు ఉన్నది. నేడు జేబాకులో ఆ భాష లేదు, పారసీకమే మాటలాడుదురు. 1938లో నార్వే పండితుడు మోర్గెన్‌స్టియెర్న సంగ్లేచీని గూర్చి విపులముగా వ్రాసెను. పండితులు వ్రాసిరేగాని, ఆ లోయవారికి తమ భాషలో చదువుకొను అలవాటు లేదు. బడిలోను, బజారులోను, ప్రార్థనలోను దరీ అనబడు ఆఫ్గన్ పారసీకమే.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. దరీ భాషలో బైబిలు ఉన్నది గదా, అది చాలదా? పారసీక భాషకు ఆ భాగ్యము ముందే కలిగెను. మన దేశములో పనిచేసిన హెన్రీ మార్టిన్ 1812లో షీరాజు పట్టణమున పారసీక క్రొత్త నిబంధనను ముగించి, అదే సంవత్సరము స్వదేశమునకు పోవు దారిలో మరణించెను. ఆ 1812లోనే మన తెలుగులో మొదటి మూడు సువార్తలు శ్రీరామపురమున అచ్చయ్యెను. రెండును పెద్ద భాషలు. చిన్న భాషల వంతు ఎప్పుడును చివరనే వచ్చును.

చాలునో చాలదో మా అనుభవము చెప్పెదము. ఒక పల్లెలో మేము కీర్తన చదివి, సెమినరీలో నేర్చిన మాటలతో చక్కగా వివరించితిమి. కూటమైన తరువాత ఒక అవ్వ దగ్గరకు వచ్చి, “అయ్యగారూ, మీరు చెప్పింది మంచిదేనండి. అది మా ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో ఇంకోసారి చెప్పండి” అన్నది. మేము సిగ్గుపడితిమి. మేము మాటలాడినది తెలుగే. అయినను ఆమె ఇంటి గడప దాటలేదు. ఒకే భాషలో ఇట్లుండగా, బజారు భాష వేరు, ఇంటి భాష వేరు అయిన చోట ఎట్లుండును? బేరము పరభాషలో చేయవచ్చును. చనిపోయిన బిడ్డను గూర్చి తల్లి ఏడ్చునది తన భాషలోనే.

ఇట్టివారికొరకే జాయ్ రిడర్‌హాఫ్ అను సహోదరి పాటుపడెను. హోండురాసులో మిషనెరీగా ఉండి, జబ్బుపడి అమెరికాకు తిరిగివచ్చిన ఆమె, తాను విడిచివచ్చిన పల్లెలవారు వాక్యము వినుటెట్లు అని చింతించి, స్పానిషు భాషలో గ్రామఫోను ప్లేటు చేయించెను. 1939లో లాస్ ఏంజలీసులో గాస్పెల్ రికార్డింగ్స్ సేవ ఆరంభమయ్యెను. రెండు భాషలు తెలిసిన స్థానికుడు ఒక్కొక్క వాక్యమును తన భాషలో పలుకగా, వాటిని పట్టి వరుసగా కూర్చెడివారు. అక్షరములు లేకున్నను పనియగును, స్వరము చాలును. చేతితో త్రిప్పు పెట్టె పోయి సెల్‌ఫోను వచ్చినది. ఆ సేవ ఆరు వేలకు పైబడిన భాషలను ముట్టినది. సంగ్లేచీవంటి భాషకు తగిన మార్గము ఇదే. చదువనేరనివాడును వినగలడు. వినుటవలన విశ్వాసము కలుగునని పౌలు రోమీయులకు బోధించినది ఇందుకే గదా.

ఒక హెచ్చరిక. ఆఫ్గనిస్తానములో క్రీస్తును ఒప్పుకొనుట ప్రాణాపాయమైన సంగతి. 2021 ఆగస్టులో తాలిబానులు మరల అధికారమునకు వచ్చిన తరువాత భయము హెచ్చినది. మనము ఇక్కడ సుఖముగా కూర్చుండి వారిని తొందరపెట్టరాదు. వారి మతమును ఎగతాళి చేయరాదు. వారిని ప్రేమించి ప్రార్థింతము.

మన సంఘమునకు పాఠమేమి? ప్రకటన 7:9లో సింహాసనము ఎదుట నిలిచినవారిలో ప్రతి భాషవారును ఉన్నారు. ఎంతమంది మాటలాడుదురని దేవుడు లెక్కించి భాషను పిలువడు. మనమట్లు లెక్కింపవచ్చునా?

ఆలోచించుటకు:
1. మన సంఘములో చదువురాని పెద్దలెందరు? వారికి ఈ వారము వాక్యము చదివి వినిపించువారెవరు?
2. మన ఊరి ప్రక్క కోయ, సవర, లంబాడీ భాషలు మాటలాడువారుంటే, వారి మాట నాలుగు ముక్కలైనను నేర్చితిమా?
3. కుటుంబ ప్రార్థనలో అవ్వకు అర్థమగు మాటలు వాడుచున్నామా?

ప్రార్థన: ప్రభువా, పెద్ద భాషలను చిన్న భాషలను ఎరిగినవాడా, సంగ్లేచ్ లోయలోని తల్లులను బిడ్డలను కాపాడుము. వారికి తమ ఇంటి మాటలో నీ మాట వినిపించుము. మా నోటిని సరళము చేయుము. ఆమెన్.