అలంకరించిన చెట్లను చూడబోవునప్పుడు

చదువవలసిన భాగములు: యిర్మీయా 10:1–10, లూకా 2:8–20

డిసెంబరు మాసము వచ్చినదనగానే హన్మకొండ, వరంగల్, కాజీపేటలలోని క్రైస్తవ గృహములమీద కాగితపు నక్షత్రములు వెలుగుచుండును. దేవాలయములలో పశువుల పాకను కట్టి, దాని ప్రక్కను దీపములతో అలంకరించిన చెట్టును నిలుపుదురు. తలిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని ఒక దేవాలయమునుండి మరియొక దేవాలయమునకు వాటిని చూడబోవుదురు. ఇతర మతములకు చెందిన పొరుగువారును వచ్చి చూచి సంతోషింతురు.

అయితే ఈ దినములలోనే సంఘములలో ఒక ప్రశ్న లేచును. "చెట్టును నరికి వెండి బంగారములతో అలంకరించుటను యిర్మీయా ఖండింపలేదా?" అని కొందరు పెద్దలు అడుగుదురు. యౌవనులు నవ్వి ఊరకుందురు. నవ్వరాదు. వాక్యమును ప్రేమించువారే ఈ ప్రశ్నను అడుగుచున్నారు.

మొదట కాలమును చూడుడి. యిర్మీయా క్రీస్తునకు పూర్వము సుమారు 600 సంవత్సరముల ప్రాంతమున ప్రవచించెను. క్రిస్మస్ చెట్టో, జర్మను ప్రజల ఆచారము. 1605లో స్ట్రాస్‌బర్గ్ నగరవాసులు ఇండ్లలో ఫర్ చెట్లను నిలిపి కాగితపు గులాబీలను, ఆపిలు పండ్లను వ్రేలాడదీసిరని ఒకరు వ్రాసియుంచిరి. 1848లో విక్టోరియా రాణి కుటుంబము చెట్టుచుట్టు నిలిచియున్న బొమ్మ లండను పత్రికలో అచ్చయిన పిమ్మట ఇంగ్లాండులో అది మరింత ప్రబలెను. అమెరికను బాప్తిస్టు మిషనరీలు 1879లో హన్మకొండలో పని ప్రారంభించునాటికి వారి దేశమందును అది వాడుకలోనికి వచ్చియుండెను. ఫర్ చెట్టు మన ఎండ నేలలలో పెరుగదు గనుక మనవారు సరుగుడు కొమ్మను తెచ్చి నిలుపుదురు. ఇప్పుడు అంగడిలో ప్లాస్టిక్ చెట్లు దొరకుచున్నవి. వాటిని ఎవరును గొడ్డలితో నరుకలేదు గనుక పెద్దల వాదములో సగము అక్కడనే పోయినది!

మిగిలిన సగమును జాగ్రత్తగా చదువుడి. ప్రవక్త చెప్పుచున్నది పనివాడు చెక్కిన విగ్రహమును గూర్చి. అది కదలకుండ మేకులతో బిగింపవలెను. నడువలేదు గనుక మోయవలెను. కీడైనను మేలైనను చేయలేదు. కాబట్టి దానికి భయపడకుడని ఆయన చెప్పుచున్నాడు. ఈ అధ్యాయములో భయము అను మాటయే ముఖ్యము.

మన చెట్టుకు ఎవరును మ్రొక్కుట లేదు. కాని భయపడుట లేదా? ప్రక్కింటివారి నక్షత్రముకంటె మనది చిన్నదైనచో ఏమందురో! బంధువులు వచ్చునప్పటికి దీపముల దండ లేకపోయినచో ఎట్లు? కూలిచేసికొని బ్రదుకు తండ్రి వడ్డీకి తెచ్చి పండుగ చేయును. జనవరిలో అప్పిచ్చినవాడు గుమ్మములో నిలుచును. పిల్లవాని పరీక్ష ఫీజు మిగిలిపోవును. అందరు చూచి మెచ్చుకొనిన ఆ చెట్టు ఆ ఇంటికి యజమానుడైనది. యిర్మీయా మాట తగులవలసినది ఇక్కడ.

చూడబోవుట తప్పు కాదు. మొదటి క్రిస్మస్ రాత్రి గొర్రెల కాపరులును చూడవలెననియే బేత్లెహేమునకు త్వరపడి వెళ్లిరి. ఈ భాగము మన తెలంగాణ పల్లెలవారికి లండను వారికంటె సులభముగా తెలియును. ఎరువు కొరకు రైతు పొలములో రాత్రి మంద పెట్టించుటయు, గొల్ల కురుమలు చలిలో గొంగళి కప్పుకొని కావలి పండుకొనుటయు మనము చూచినదే. అట్టివారికి దేవదూత చెప్పిన ఆనవాలు ఏమి? పొత్తిగుడ్డలలో చుట్టబడి పశువుల తొట్టిలో పండుకొనియున్న శిశువు. దానిని చూచుటకు వారు ఎవరియొద్దను అప్పు చేయనక్కరలేదు. వారు కానుక తెచ్చిరని కూడ లూకా వ్రాయలేదు. చూచిరి, ఇతరులకు చెప్పిరి, దేవుని స్తుతించుచు తిరిగి వెళ్లిరి.

గృహకూటములలో ఆలోచించుటకు:

మన సంఘములో ఈ సంవత్సరము నక్షత్రము కట్టలేని కుటుంబములు ఎన్ని? వారి పిల్లలచేత దేవాలయపు చెట్టుకు మొదటి దీపము కట్టించిన యెడల ఎవరికైన అభ్యంతరమున్నదా?

అలంకారమునకు ఇంత సొమ్మని పెద్దలు నవంబరులోనే తీర్మానించి సంఘమునకు చదివి వినిపింపగలరా?