ఆకులే వస్తున్నాయి, పువ్వేదీ?

ప్రశ్న: గత శీతాకాలం నర్సరీలో కొన్న డాఫొడిల్ దుంపలు ఒకసారి పూశాయి. ఈసారి ఆకులే వచ్చాయి. ఎరువు వేసినా మొగ్గ లేదు. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, మహానంది

జవాబు: లోపం ఎరువులో కాదమ్మా, చలిలో ఉంది. డాఫొడిల్ కాడ సాగాలంటే దుంపకు 12 నుంచి 14 వారాలు 5–9 డిగ్రీల చల్లదనం తగలాలి. నల్లమల పక్కనున్నా మహానందికి అంత చలి రాదు. శీతల గదిలో ఉంచి అమ్మిన దుంపలు కాబట్టే మొదటి ఏడాది పూసి ఉంటాయి.

ఆకులను ఇప్పుడే కోయకండి. దుంపకు బలం వాటి నుంచే. అవి పండిపోయాక దుంపలు తవ్వి, నీడలో ఆరబెట్టి, కాగితం సంచిలో దాచండి. సెప్టెంబరు చివర ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టండి. పక్కన పండ్లు మాత్రం వద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు లోపలి మొగ్గ చచ్చిపోతుంది. ఉల్లిగడ్డలనుకుని ఎవరూ వండకుండా సంచిపై పేరు రాయండి, ఇవి విషం.

జనవరి మొదట్లో కుండీలో నాటి, ఉదయపు ఎండ మాత్రమే తగలనివ్వండి. నల్లరేగడి వద్దు, నీరు నిలిచి దుంప కుళ్లుతుంది. ఎర్రమట్టి, ఇసుక, చివికిన పశువుల ఎరువు కలపండి.

ఇంత చేసినా మన ఎండలకు దుంపలు ఏటేటా చిక్కిపోతాయి. ఏటా పూలు కావాలంటే లిల్లీ, అదే నేల సంపెంగ, నాటుకోవడం మేలు. దానికి చలి అక్కర్లేదు.

దుంప నొక్కితే మెత్తబడి వాసన వస్తుంటే, ఒకదాన్ని మట్టితో సహా మహానంది ఉద్యాన పరిశోధన స్థానంలో చూపించండి.