ఆలస్యంగా చెవికెక్కే పాట: ప్రశ్నలు - జవాబులు

ఒకప్పుడు పట్టించుకోని కళాకారుడు పదేళ్లకో ఇరవై ఏళ్లకో మనసులో కూర్చుంటాడు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాఠకుల ప్రశ్నలు ఈసారి ఈ అనుభవం గురించే. వీటిలో సినిమా గాయకుల పేర్లు లేవు. ఊళ్లో మల్లన్న పట్నాల ముగ్గుల ముందు, గూడెంలో దేవర ముందు, ఊరేగింపుల్లో పాడినవాళ్ల గురించే అడిగారు.

ప్రశ్న (వేములవాడ ప్రాంతం, ఉద్యోగి): మా ఇంట్ల మల్లన్న పట్నాలేస్తే తెల్లందాక ఒగ్గు కథ నడిచేది. నేను మా అవ్వ ఒడిలనే పండుకునేటోణ్ణి. ఆ డోలు మోతంటే చిరాకు. ఇప్పుడు హైదరాబాద్‌ల ఉంటున్న. మిద్దె రాములు కథ ఒకటి ఫోన్‌ల విన్నప్పటిసంది వదలబుద్ధి అయితలేదు. ఏం మారింది?

జవాబు: ఒగ్గు కథలో పిల్లల చెవికి ముందు తగిలేది డోలు. కథ దాని కింద నిదానంగా నడుస్తుంది, పదేళ్ల వయసుకు అది అందదు. అక్క మహంకాళి చేతుల్లో పెరిగిన బీరప్ప, బలిజ మేడలమ్మకూ గొల్ల కేతమ్మకూ మొగుడైన మల్లన్న, కన్నకొడుకు చేతిలోనే తల తెగిన ఎల్లమ్మ దేవుళ్లే అయినా వాళ్ల కష్టాలు మన ఇళ్లలో కష్టాలే. తోబుట్టువుల మీద ప్రాణం పెట్టడం, సవతుల పోరు, కులం గీత దాటిన పెళ్లి, మొగుడి అనుమానం. ఇవి తన చుట్టూ జరగడం చూసిన తరువాతే మనిషి కథలో కూర్చోగలడు. మీలో మారినదాంట్లో సగం ఇదే.

మిగతా సగం కళలోనే ఉంది. ప్రధాన కథకుడు ఒకే చోట నిలబడి చెప్పడు. వచనంలో మొదలుపెట్టి, దాన్ని రాగంలోకి లాగి, అక్కడినుంచి అడుగులోకి దించుతాడు. వంత పాడేవాళ్లు మాట అందుకుని ప్రశ్నలు వేస్తారు, నవ్విస్తారు, ఆడవేషం మాటలు పలుకుతారు. చీరకొంగులాంటి గుడ్డ ఒకటి మీద వేసుకుంటే చాలు, ఇందాకటి అన్న ఇప్పుడు వదిన. ఒగ్గు, డోళ్లు, తాళాలు ఈ మలుపులన్నిటికీ దారి చూపుతాయి. చిన్నప్పుడు మోత అనిపించిన చోటే ఇప్పుడు చెవి పెడితే, పాత్ర మారబోతోందని డోలు ముందే చెప్పడం వినిపిస్తుంది.

మిద్దె రాములుది వేములవాడ దగ్గరి హన్మాజీపేట. 2010లో కన్నుమూశారు. సి. నారాయణరెడ్డి 1931లో పుట్టిందీ ఆ ఊళ్లోనే. ఉర్దూ మీడియంలో చదువుకున్న పిల్లాడు 'విశ్వంభర'తో 1988 జ్ఞానపీఠం దాకా వెళ్లాడంటే, చిన్ననాడు ఊళ్లో విన్న హరికథలకూ జంగం కథలకూ జానపదాలకూ అందులో వాటా ఉంది. ఒక్క ఊరు ఒగ్గు కథకు ఒక పెద్ద గొంతునూ తెలుగు కవిత్వానికి ఒక పెద్ద పేరునూ ఇచ్చింది. రెండోదానికి దక్కిన గౌరవంలో సగమైనా మొదటిదానికి దక్కలేదన్నది ఈ శీర్షిక అభిప్రాయం.

ఒక పని చేసి చూడండి. మిద్దె రాములు చెప్పిన కథ విన్నాక, జనగామ వైపు మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య కథ వినండి. సత్తయ్య కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు, 2017లో వెళ్లిపోయారు. పక్కపక్కన పెడితే ఎవరు మాట మీద నిలబడతారు, ఎవరు ఆట మీద నిలబడతారు అన్నది మీకే తెలుస్తుంది. కళాకారుణ్ణి మనిషిగా గుర్తుపట్టడం అక్కడ మొదలవుతుంది. అప్పటిదాకా మనం విన్నది 'ఒగ్గు కథ' అనే ఒక మూకుమ్మడి పేరు మాత్రమే.

ప్రశ్న (జగిత్యాల, డిగ్రీ విద్యార్థిని): ఏ పాటైనా పదిసార్లు వింటే నచ్చుతుందంటారు. అది నిజమైతే ఇందులో కళాకారుడి గొప్పేముంది?

జవాబు: సగం నిజం. ఎదురుపడే కొద్దీ ఇష్టం పెరుగుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జాయన్స్ 1968లో ప్రయోగాలతో చూపించాడు. అయితే ఆ ఇష్టం పెరుగుతూనే ఉండదు. సరుకు తక్కువున్న పాట కొన్నాళ్లకే విసుగెత్తిస్తుంది. పెళ్లి బరాత్‌లో ఆరు నెలలు మోగి మాయమైన పాటలు మీకు నాకన్నా బాగా తెలుసు.

చెవికి ఏది ఇంపు అన్నది కూడా పుట్టుకతో వచ్చింది కాదు. బొలీవియా అడవుల్లోని చిమానే జనం మీద 2016లో వెలువడిన ఒక అధ్యయనం ఈ విషయాన్నే సూచించింది. పాశ్చాత్యులకు కర్ణకఠోరంగా ఉండే స్వరాల జంటలు వాళ్లకు మిగతావాటంత హాయిగానే ఉన్నాయి. ఇందుకు మన దగ్గరి ఉదాహరణ జమిడిక. ఎల్లమ్మ, పోచమ్మ కొలుపుల్లో బైండ్లవాళ్లు చంకలో పెట్టుకుని తీగ మీటుతూ పాడే వాద్యం అది. హార్మోనియం శ్రుతికి అలవాటుపడ్డ చెవికి మొదట అపశ్రుతిలా ఉంటుంది. తీగను బిగించి వదులుతుంటే స్వరం సాగడం, ఆ సాగే స్వరం మీదే గొంతు ఎక్కి దిగడం గమనించండి. అపశ్రుతి అనుకున్నది పోయి ఏడుపుకూ పాటకూ మధ్య ఉన్న ఒక చోటు దొరుకుతుంది.

ఇలా చెవిని కొత్తగా అలవాటు చేసుకోవడం పెద్ద విద్వాంసులకూ తప్పలేదు. కర్ణాటకలో పుట్టిన కుమార్ గంధర్వ 1940ల చివర క్షయతో మధ్యప్రదేశ్‌లోని దేవాస్ చేరారు. కొన్నేళ్లు పాడొద్దన్నారు వైద్యులు. మంచం పట్టిన ఆ గాయకుడు వీధిన పోయే మాళ్వా పాటగాళ్లనూ జోగులనూ వింటూ గడిపారు. కోలుకున్నాక ఆయన పాడిన నిర్గుణ భజనలకు మూలం ఆ వినికిడే.

ప్రశ్న (జైనూర్ మండలం, ఉపాధ్యాయుడు): నాది మైదాన ప్రాంతం, ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చాను. దీపావళి ముందు దండారీ మొదలైతే బడి సగం ఖాళీ. పిల్లలు పిలిస్తే వెళ్తాను గానీ గంటలకొద్దీ ఒకే చప్పుడులా అనిపిస్తుంది. ఇక్కడివాళ్లకు అందులో ఏం వినిపిస్తోంది?

జవాబు: మీరున్న మండలంలోనే మార్లవాయి ఉంది. దండారీలో ఆడే గుస్సాడీ ఆటకు గురువైన కనక రాజుది ఆ ఊరే. 2021లో పద్మశ్రీ వచ్చేసరికి ఆయన పేరు రాష్ట్రంలో చాలామంది మొదటిసారి విన్నారు. నిజానికి అంతకు నాలుగు దశాబ్దాల ముందే ఆయన బృందం ఢిల్లీ వెళ్లి ఇందిరాగాంధీ ముందు ఆడింది. జీవితమంతా కుర్రవాళ్లకు అడుగులు నేర్పుతూ గడిపి, 2024 అక్టోబరులో, సరిగ్గా దండారీ రోజుల్లో కన్నుమూశారు. ఆలస్యంగా గుర్తించడం శ్రోతకే కాదు, ప్రభుత్వాలకూ పత్రికలకూ ఉన్న జబ్బే.

దండారీని కచేరీలా వింటే ఒకే చప్పుడులా ఉంటుంది, ఎందుకంటే అది కచేరీ కాదు. ఒక ఊరి బృందం, వియ్యం అందుకునే మరో ఊరికి అతిథిగా వెళ్తుంది. అక్కడ రాత్రి ఉంటుంది, ఆడుతుంది, పాడుతుంది, మర్యాదలు అందుకుని వస్తుంది. నెమలి ఈకల మల్‌బూర తలకెత్తుకుని, ఒంటికి బూడిద పూసుకుని గుస్సాడీ వేసిన మనిషి ఆ రోజుల్లో స్నానం చేయడు. ఏత్మాసుర్ దేవత తనమీద ఉన్నట్టే నడుచుకుంటాడు. గుమ్మెల, పర్ర, డోల్, తుడుం, పేప్రే ఈ రాకపోకలన్నిటినీ నడిపిస్తాయి. ఊరి పొలిమేరలో ఒక నడక, ఎదుర్కోలులో ఒక ఊపు, ఆటలో మరో ఊపు. ఈసారి వాద్యం మీదినుంచి చూపు తీసి ఆడేవాళ్ల పాదాల మీద పెట్టండి. అడుగు మారిన క్షణాన దరువులో ఏం మారిందో వెనక్కి తిరిగి వినండి. ఒక రాత్రి అలా గడిపితే చప్పుడు విడివిడిగా అందుతుంది.

దానికన్నా నెమ్మదిగా పట్టుబడేది గోండుల కథలు పాడే ప్రధాన్ల కిక్రీ. మూడు తీగల వాద్యం, కమానుతో వాయిస్తారు. గోండు వంశాల పుట్టుక, పెర్సపేన్ దేవుడి కథలు, గోండుల గురువు పహండి కుపార్ లింగల్ గాథ తరతరాలుగా ఈ ప్రధాన్ గాయకుల నోటనే నిలిచాయి. తోటీలు కూడా కిక్రీ వాయిస్తారు. కాగితం మీద లేని చరిత్రకు ఈ మనుషులే పుస్తకాలు. 1940లో జోడెఘాట్‌లో కుమ్రం భీం పోరాటం తరువాత నిజాం ప్రభుత్వం తరఫున వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ ఈ మార్లవాయిలోనే మకాం పెట్టాడు. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద వచ్చిన ఆయన పుస్తకం కోసం ప్రధాన్ల పాటలు విని రాసుకున్నాడు. పరదేశి అయిన ఆయనకు ఆ పాట చెవికెక్కింది ఏళ్ల తరబడి పక్కన కూర్చున్నందుకే.

మీకు అంతకన్నా సులువైన దారి ఉంది. మీ తరగతిలో ప్రధాన్ల పిల్లలు ఉంటారు, తోటీల పిల్లలు ఉంటారు. వాళ్ల తాతల్లో ఎవరికి కిక్రీ వచ్చో అడిగి, ఒక మధ్యాహ్నం బడికి పిలవండి. కథ ముందు పిల్లల చేత తెలుగులో చెప్పించుకుని, తరువాత పాట వినండి. మరో అవకాశం పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతర. మెస్రం వంశస్థుల పూజలు చూడటానికి వెళ్లినవాళ్లలో ఎక్కువమంది దుకాణాల వైపు తిరిగి వచ్చేస్తారు. మీరు వాద్యాలున్న వైపు వెళ్లండి.

ప్రశ్న (గోదావరిఖని, సింగరేణి కార్మికుడు): గూడ అంజయ్య పాటలు ఊరేగింపుల్ల వందసార్లు పాడినం. పోయిన వారం నైట్ షిఫ్ట్ దిగినంక ఒక్కణ్ణే విన్న. కళ్లల్ల నీళ్లు తిరిగినయి. అప్పుడెందుకు రాలేదు?

జవాబు: ఊరేగింపులో పాట చేసే పని వేరు. నలుగురి అడుగును ఒక్కటి చేయాలి, గొంతును పెంచాలి. అక్కడ పల్లవి చాలు, చరణాలు గోలలో కొట్టుకుపోతాయి. ఒంటరిగా విన్నప్పుడు చరణం వినబడుతుంది. అంజయ్య బలమంతా చరణాల్లోనే ఉంది.

ఆయన 1955లో మీ పొరుగున, దండేపల్లి మండలం లింగాపూర్‌లో పుట్టారు. ఫార్మసిస్టుగా ఉద్యోగం చేస్తూ పాటలు కట్టారు. ఊరి మీద హక్కెవరిదని నిలదీసిన ఆయన పాట పలు భారతీయ భాషల్లోకి వెళ్లింది. రాసిందెవరో తెలియకుండానే ఎంతోమంది పాడారు. 2016 జూన్‌లో ఆయన పోయారు. ఆ పాట సాహిత్యం ఒకసారి కాగితం మీద రాసుకుని, దరువు లేకుండా చదవండి. ఊళ్లో ఉండే వస్తువులను, పనులను ఒక్కొక్కటే పేర్చుకుంటూ పోయి, చివరికి వాదనను గెలిచే తీరు తెలుస్తుంది. జనం ఆయన్ను నినాదకారుడిగా గుర్తుపెట్టుకున్నారు. ఆయన అంతకన్నా నేర్పరి.

ప్రశ్న (సిరిసిల్ల, గృహిణి): 'బలగం' సినిమా చివర కథ చెప్పేవాళ్లను చూసి మా అబ్బాయి వెక్కి వెక్కి ఏడ్చిండు. మా బాపు దినాలకు అసొంటి కథే చెప్పిస్తుంటే మాత్రం ఫోన్ చూసుకుంట కూసున్నడు. తిట్టాల్నా?

జవాబు: తిట్టొద్దు. సినిమా రెండు గంటలు కథ నడిపి, చనిపోయిన తాత కొమురయ్య కుటుంబం ఎందుకు విడిపోయిందో చెప్పి, ఆ తరువాతే ఆ గొంతులను వినిపించింది. మీ అబ్బాయి కన్నీళ్లకు ఆ రెండు గంటలూ నేల దున్నాయి. 2023 మార్చిలో వచ్చిన ఆ సినిమాను తీసిన వేణు యెల్దండి మీ సిరిసిల్లవాడే, తీసింది కూడా ఆ చుట్టుపక్కలే. ఊళ్లలో తెరలు కట్టుకుని మరీ చూశారు. కానీ ఆ చివరి కథ పాడిన మొగిలయ్య, కొమురమ్మ నటులు కారు. వరంగల్ జిల్లా నుంచి వచ్చిన బుడగ జంగాల కథకులు, సినిమాకు ముందు ఏళ్ల తరబడి చావు ఇళ్ల ముందు పాడినవాళ్లు. మొగిలయ్య మూత్రపిండాల జబ్బుతో 2024 డిసెంబరులో చనిపోయారు.

మీ అబ్బాయికి తాత గురించి చెప్పండి. తాత ఎవరితో మాట్లాడటం మానేశాడు, ఎవరికి పొలం రాసిచ్చాడు, ఏ పాట హమ్ చేసేవాడు. సంవత్సరీకానికి మళ్లీ కథ చెప్పించేటప్పుడు, ఆ సంగతులు కథకుడికి ముందే చెప్పేలా అబ్బాయినే పంపండి. కథకులు చనిపోయిన మనిషి పేరును, గుణాన్ని కథలో కలుపుతారు. తన మాట వాళ్ల నోట పాటగా రావడం విన్న పిల్లాడు ఫోన్ పక్కన పెడతాడు.

ప్రశ్న (మంచిర్యాల, విశ్రాంత ఉద్యోగి): వయసు అరవై దాటింది. ఇప్పుడు మొదలుపెడితే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ జిల్లాలోనే. దండారీ రోజుల్లో దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున పద్మల్‌పురి కాకో గుడికి బృందాలు వస్తాయి. పొద్దున్నే వెళ్లండి. పూజ దగ్గర ఫొటో తీయాలంటే ముందు అడగండి. దగ్గరి ఊళ్లో మల్లన్న పట్నాలు ఎవరింట్లో ఉన్నాయో కనుక్కోండి, పట్నం ముగ్గు వేసేటప్పటికే చేరుకోండి. ముక్కలుగా చూసిన వీడియోతో తీర్పు చెప్పొద్దు, ఒక కథను మొదటినుంచి మంగళహారతి దాకా వినండి. డోలు కొట్టినవాళ్ల పేర్లూ ఊళ్లూ అడిగి రాసుకోండి, ప్రధాన కథకుడి పేరు ఒక్కటే కాదు.

విన్నాక వాళ్ల బతుకుదెరువు గురించీ ఆలోచించండి. 2024లో తెలంగాణ ప్రభుత్వం పద్మశ్రీ కళాకారులకు నెలకు 25 వేల రూపాయల పింఛను ప్రకటించింది. అది పురస్కారం వచ్చిన కొద్దిమందికే. మిగతావాళ్లకు బతుకుదెరువు మన ఇళ్ల పిలుపులే. మీ ఇంట్లో ఈ ఏడు శుభమో దినమో ఉంటే డీజే పెట్టెలకు ఇచ్చే డబ్బుతో ఒక బృందాన్ని పిలవండి, సంభావన కథ మొదలయ్యే ముందే చేతిలో పెట్టండి.