జాలి సరే... ఉదయం ఆరింటికి లేస్తారా?

కుక్కను దత్తత తీసుకోవాలన్న ఆలోచన చాలామందికి రాత్రి పదకొండింటికి, ఫోన్ చూస్తుండగా పుడుతుంది. పది నెలల దేశీ కుక్క ఫొటో. ఒక చెవి నిక్కబొడుచుకుని ఉంటుంది, ఇంకోటి వాలిపోయి ఉంటుంది. కింద రెండే ముక్కలు: చాలా హుషారైనది, మంచి ఇల్లు కావాలి. మనసు కరిగిపోతుంది. వెంటనే 'మేం తీసుకుంటాం' అని మెసేజ్ వెళ్లిపోతుంది. ఆ మెసేజ్ పంపే ముందు, ప్రస్తుతానికి దాన్ని సాకుతున్న ఫోస్టర్‌కు ఒక్క ఫోన్ కొట్టండి. ఆ హుషారుకు ఇప్పటికే ఎన్ని జతల చెప్పులు, ఎన్ని దిళ్లు బలయ్యాయో నవ్వుతూనే చెబుతారు.

దెబ్బ తగిలో, తల్లి పోయో వీధిలో దొరికిన కుక్కపిల్లలకు షెల్టర్లలో చోటు చాలదు. అందుకే ఎవరో ఒకరు తమ ఇంట్లో కొన్నాళ్లు ఉంచుకుని, టీకాలు వేయించి, మనుషుల మధ్య మెలగడం నేర్పి, కొత్త ఇంటికి పంపుతారు. అదే ఫోస్టర్ ఇల్లు. మన దగ్గర ఈ దత్తత కొత్తదేం కాదు. అక్కినేని అమల 1992లో జంతు సంరక్షణ సంస్థ హైదరాబాద్ బ్లూక్రాస్ మొదలుపెట్టారు. 2025 ఆగస్టులో జీహెచ్‌ఎంసీయే బంజారాహిల్స్‌లోని జలగం వెంగళరావు పార్కులో దేశీ కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. అడిగినవాళ్లకు కుక్క దొరుకుతుంది. అసలు పరీక్ష మర్నాడు పొద్దున మొదలవుతుంది. జాలి కుక్కను గుమ్మందాకా తెస్తుంది, అంతే. దాన్ని ఇంట్లో నిలబెట్టేది మీ దినచర్య.

సాయంత్రం వెళ్లి చూడండి

పెళ్లిచూపులకు వెళ్లినట్టు మధ్యాహ్నం రెండింటికి వెళ్లకండి. ఆ వేళ ప్రతి కుక్కా బుద్ధుడే. దాని అసలు రూపం తెలిసేది తెల్లవారుజామున, లేదంటే పొద్దు వాలాక. సాయంత్రం ఆరింటికి వెళ్లండి. ఫోస్టర్‌తో కలిసి మీరూ దాన్ని ఒక రౌండు నడిపించండి. తాడు ఎంత గట్టిగా లాగుతోంది? బైకు వెళ్తే వెంటపడుతోందా, భయపడి వెనక్కి తగ్గుతోందా? పరుగెత్తే పిల్లలను చూసి ఏం చేస్తోంది? అన్నం గిన్నె దగ్గరికి మనిషి వస్తే గుర్రుమంటుందా? ఇంట్లో ఒంటరిగా ఎంతసేపు ఉండగలదు? లిఫ్ట్ ఎక్కుతుందా? ఇవన్నీ మొహమాటం లేకుండా అడగండి. మంచి ఫోస్టర్ లోపాలు దాచరు. పైగా మిమ్మల్నే ఎదురు ప్రశ్నలు వేస్తారు: ఇంట్లో అందరికీ ఇష్టమేనా, అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నారా, ఊరెళ్తే ఎవరు చూస్తారు? చిన్నబుచ్చుకోకండి. అన్నీ అడగాల్సిన ప్రశ్నలే.

టీకాల కార్డు చేతికి తీసుకోండి. పార్వో, డిస్టెంపర్ టీకాలు ఎప్పుడు పడ్డాయో, మూడు నెలలు నిండాక రేబిస్ టీకా పడిందో లేదో చూసుకోండి. సంతాన నియంత్రణ ఆపరేషన్ కాకపోతే ఎప్పుడు చేయించాలో వెటర్నరీ డాక్టరును అడగండి.

తొలిరోజే ఊరేగింపు వద్దు

ఇంటికి తెచ్చిన రోజే చుట్టాలను పిలవడం, స్నానం చేయించడం, మెడలో పూలదండ వేసి రీల్ తీయడం మనవాళ్లకు సరదా. కుక్కకు అదంతా దడ. దాని లెక్కలో అలవాటైన మనుషులు, అలవాటైన వాసన ఒక్కపూటలో మాయమయ్యాయి. కుక్కల మనుషులు చెప్పుకునే ఒక మోటు లెక్క ఉంది: బెదురు తగ్గడానికి మూడు రోజులు, మీ ఇంటి పద్ధతి పట్టుబడటానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదట్లో ఒక గది చాలు. ఫోస్టర్ ఇంట్లో అది పడుకున్న పాత దుప్పటి అడిగి తెచ్చుకోండి, ఉతక్కండి.

గేటు విషయంలో మాత్రం ఏమరుపాటు పనికిరాదు. కొత్త కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా ఈ తొలి రోజుల్లోనే. మెడపట్టీకి మీ ఫోన్ నంబరున్న బిళ్ల తగిలించండి. బయటికి తీసుకెళ్లేటప్పుడు మెడపట్టీకి ఒక తాడు, ఛాతీకి వేసే హార్నెస్‌కు ఇంకో తాడు కట్టండి.

పరుగొక్కటే చాలదు

హుషారు కుక్కను అలసిపోగొడితే దారికొస్తుందని గంటసేపు బంతి విసిరేవాళ్లున్నారు. నెల తిరిగేసరికి ఆ కుక్కకు గంటన్నర బంతి కావాలి. దాని దమ్ము పెరుగుతుంది, మీ భుజం పడిపోతుంది. కుక్క ముక్కుతో బతుకుతుంది. పరుగుతో పాటు ముక్కుకూ పని చెప్పండి. నడకకు వెళ్లినప్పుడు ప్రతి స్తంభం దగ్గరా ఆగి వాసన చూస్తుంటే తాడు లాగి ఈడ్చుకెళ్లకండి. మనం పొద్దున్నే పేపరు తిరగేసినట్టు అది వీధి వార్తలు చదువుకుంటోంది. వాసన చూస్తూ మెల్లగా నడిచిన అరగంట తర్వాత చాలా కుక్కలు ఇంటికొచ్చి హాయిగా నిద్రపోతాయి.

వానొచ్చి బయటికి వెళ్లలేని రోజు ఒక పాత తువ్వాలు పరవండి. ఉప్పూకారం లేకుండా ఉడికించిన చికెన్ ముక్కలు గోరంతవి దానిమీద చల్లి, చాపలా చుట్టి, నేలమీద పెట్టండి. మొదట పాదంతో తడుతుంది. తర్వాత ముక్కు దూర్చి ఫూఫూమంటూ మడత విప్పుతుంది. అంతా అయ్యాక ఖాళీ తువ్వాలును ఇంకోసారి సోదా చేస్తుంది. ఆ తువ్వాలును నమిలి మింగకుండా పక్కనే ఉండండి.

ఎండాకాలంలో తారురోడ్డు మీద చేతి వెనుకభాగం ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి. ఏప్రిల్, మే నెలల్లో నడకంటే సూర్యుడికంటే ముందే.

మీదికి ఎగరడం మానిపించాలా? మోకాలితో తోయడం, కసరడం అన్నీ దానికి ఆటే. ఎగిరిన క్షణంలో చేతులు కట్టుకుని పక్కకు తిరగండి. చూడకండి, మాట్లాడకండి. నాలుగు కాళ్లూ నేలమీద ఆనగానే, వెంటనే మెచ్చుకోండి. ఆ 'వెంటనే'లోనే కిటుకంతా ఉంది. పది సెకన్లు ఆలస్యమైతే దేనికి మెచ్చుకున్నారో దానికి తెలియదు.

ఇంకో చిక్కు ఇంట్లోవాళ్లతో. నాన్న 'కూర్చో' అంటారు, అబ్బాయి 'సిట్' అంటాడు, నానమ్మ 'ఛీ, అవతలికి పో' అంటూనే కొంగుచాటు నుంచి బిస్కట్ వేస్తుంది. కుక్క నానమ్మ మాటే నేర్చుకుంటుంది, న్యాయమే మరి. అందరూ కూర్చుని నాలుగు మాటలు ఖాయం చేసుకోండి. మంచమెక్కనివ్వాలా వద్దా తేల్చుకోండి. పిల్లల పెంపకంలో కుదరని ఏకాభిప్రాయం కుక్క దగ్గర కుదిరిన ఇళ్లు నాకు తెలుసు.

ఇక తిండి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష పెట్టకూడదు. ఉడికిన చికెన్ ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఆదివారం విస్తరి తీసుకెళ్లి కుక్క ముందు పెట్టే అలవాటు ఉంటే మానుకోండి.

మీలో ఏం మారుతుంది?

పొద్దున్నే లేస్తానని కొత్త సంవత్సరానికి ఒట్టేసుకున్నవాళ్లు అలారం నొక్కి మళ్లీ పడుకోగలరు. తాడు నోట కరుచుకుని మంచం పక్కన నిలబడ్డ కుక్కను నొక్కడానికి బటన్ ఉండదు. కోపం సంగతీ అంతే. సోఫా చించిన గంట తర్వాత వచ్చి అరిస్తే, సోఫా చించకూడదని దానికి అర్థం కాదు. మీరు ఇంట్లోకి వస్తే భయపడాలని అర్థమవుతుంది. తప్పుకు అవకాశం లేకుండా ముందే సర్దిపెట్టుకోవడం, మంచి పనిని కనిపెట్టి ఆ క్షణమే మెచ్చుకోవడం అనే రెండు అలవాట్లు ఆఫీసులో కింది ఉద్యోగుల దగ్గరా పనికొస్తాయి. వేల రూపాయల వర్క్‌షాపుల్లో చెప్పేదీ ఇంచుమించు ఇదే. ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన కుక్క కథ మనకు ఇష్టం. ఆ కుక్క ఎప్పుడైనా పాదుకలు కొరికిందో లేదో వ్యాసుడు రాయలేదు.

నిజంగా కుదరకపోతే? మొదటి వారాల్లోనే ఫోస్టర్‌కు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తిరిగి అప్పగించడంలో నామోషీ లేదు. ఊరి చివర వదిలేసి రావడం మాత్రం నేరం. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం సరైన కారణం లేకుండా జంతువును వదిలేయడం శిక్షార్హం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే కావడం వేరే విషాదం. వీధికుక్కల కేసులో 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కూడా, దత్తత తీసుకున్న కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేనని చెప్పింది.

ఇవన్నీ చదివాక 'పొద్దున నడక, సాయంత్రం నడక మావల్ల కాదు' అనిపిస్తే కుక్క ఆలోచన మానుకోనక్కర్లేదు. హుషారు పిల్లను దమ్మున్నవాళ్లకు వదిలేసి, ఆరేడేళ్ల నెమ్మదైన కుక్క ఏదైనా ఉందా అని ఫోస్టర్‌ను అడగండి. కుక్కపిల్లల కోసమే అందరూ ఎగబడతారు, పెద్దవాటిని అడిగేవాళ్లు తక్కువ.