ఈతకాడైన సిపాయి

మురళీకాంత పేట్కరు 1944 నవంబరులో మహారాష్ట్రమునందలి సాంగ్లీ ప్రాంతమున జన్మించెను. యౌవనమున సైన్యములో చేరి, ఎలెక్ట్రికల్, మెకానికల్ ఇంజనీర్ల దళమున పనివాడుగా నుండెను. యుద్ధశకటములను, ఫిరంగులను, మోటారు బండ్లను మరమ్మతు చేయుట యా దళమువారి పని. సికిందరాబాదునందలి ఆ దళపు కేంద్రముననే ఆతడు ముష్టియుద్ధమున సాధన చేసెను. ముష్టియోధుని బలమంతయు చేతులందే యున్నదని చూచువారనుకొందురు. నిజమునకు దెబ్బ పాదమున పుట్టి, నడుముమీదుగా భుజమున కెక్కును.

ఆ నడుమే చచ్చుపడెను. 1965లో పాకిస్తానుతో జరిగిన యుద్ధమున పేట్కరునకు తూటాలు తగిలెను. ప్రాణము దక్కెను గాని కాళ్ళలో చైతన్యము నశించెను. ఒక తూటా వెన్నునందే నిలిచిపోయెను. అప్పటి కాతనికి ఇరువదియొక్క యేండ్లయినను నిండలేదు.

బొంబాయిలో నౌకాదళమువారి 'అశ్విని' ఆసుపత్రియందు వైద్యులు చికిత్సగా ఆతనిని ఈతకు పురికొల్పిరి. నేలపై నిలువలేని దేహమును నీరు మోయును. విశాఖ తీరమున పెరిగిన బాలురకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. అయినను కాళ్ళు కదలింపక చేతులతోనే ఈదుట యెంత కష్టమో వారికిని తెలిసి యుండదు. కాళ్ళు క్రిందికి జారును. నీరు వెనుకకు లాగును. భుజములు రెండింతలు శ్రమపడవలెను. ముష్టియుద్ధమున గట్టిపడిన భుజములు పేట్కరున కిచ్చట అక్కరకు వచ్చెను.

ఇట్టివారి క్రీడలకు మూలము గూడ యుద్ధమే. 1948 జూలై 29న, లండనులో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైన దినముననే, ఇంగ్లండునందలి స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్మన్ అను వైద్యుడు గాయపడిన పదునారుగురు మాజీ సైనికులకు, స్త్రీలకును పురుషులకును, విలువిద్యలో పోటీ పెట్టెను. అదియే పెరిగి 1960లో రోము నగరమున పారాలింపిక్ క్రీడలుగా వెలసెను.

పేట్కరు 1968లో టెల్ అవీవునందు టేబుల్ టెన్నిస్ ఆడెను. 1972లో పశ్చిమ జర్మనీయందలి హైడెల్బర్గు క్రీడలకు పోవుటకు మరల అవకాశము కలిగెను. ప్రసిద్ధ క్రికెట్ ఆటగాడు విజయ్ మర్చంటు ప్రయాణ వ్యయమునకు తోడ్పడెను. అచ్చట పేట్కరు 50 మీటర్ల ఈతను 37.33 సెకండ్లలో ముగించి, ప్రపంచ రికార్డుతో స్వర్ణపతకము గెలిచెను. పారాలింపిక్కులలో భారతీయునకు లభించిన మొదటి స్వర్ణమదియే. ఒలింపిక్కులలో ఒక్క భారతీయుడు తానై స్వర్ణము సాధించుట 2008లో గాని జరుగలేదు.

ఇంత చేసినవానిని దేశము వెంటనే నెత్తిన పెట్టుకొనెనని తలపరాదు. ఆతడు పూనాలో టెల్కో కర్మాగారమున ఉద్యోగము చేయుచు కాలము గడపెను. 1982లో అర్జున పురస్కారము కోరగా ప్రభుత్వము నిరాకరించెను. అంగవైకల్యమే కారణముగా చెప్పబడెను. ఏ గాయము దేశముకొరకు పొందెనో, ఆ గాయమే అనర్హతయయ్యెను! పేట్కరు మరల ఎవరిని అడుగలేదు. పతకములను దాచి యూరకుండెను.

2018లో ఆతనికి పద్మశ్రీ లభించెను. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతులమీదుగా అర్జున జీవితసాఫల్య పురస్కారమును గైకొనునాటికి ఆతనికి ఎనుబది యేండ్లు.