చిట్టికి, అరటి గింజలు నాటే ముందు

కరీంనగర్

చిట్టీ,

మీ మామయ్యకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది, పొద్దున్నే నడకకు పోతున్నాడు. మీకు సెంటినరీ కాలనీలో క్వార్టర్ వచ్చిందని మీ నాయిన ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉంది. మా కాపురం చాలా వరకు ఆ కాలనీలోనే గడిచింది గదా. అల్లుడికి నైట్ షిఫ్టులు ఎక్కువ పడుతున్నాయా? పొద్దున ఇంటికొచ్చాక అతన్ని నిద్రపోనివ్వు, కుక్కర్ కూతలు కూడా కాసేపు ఆపు. ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడు కిటికీ అద్దాలు అదురుతాయి. భయపడకు, కొన్నాళ్ళకు అలవాటైపోతుంది.

నేను ఉత్తరం రాయడానికి కూర్చున్నది మాత్రం నీ అరటి గింజల గురించి. ఫోన్‌లో చెబితే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావు. నువ్వు పంపిన ప్యాకెట్ ఫొటో చూశాను. ఒక పక్క నీలం రంగు అరటిగెల, ఇంకో పక్క ఎర్ర అరటి, కింద చిన్న కుండీలో మూరెడు చెట్టుకు గెల. ఎంత పెట్టి కొన్నావని అడగను. కొనేముందు నాకో మాట చెబితే ఏం పోయేది బిడ్డా? ఇంట్లో ఇంత అరటి పెంచిన మేనత్త ఉండగా ఆన్‌లైన్‌లో ఎవరినో నమ్ముతావా? సరేలే, కోపం కాదు. కొత్త ఇంట్లో కాలు పెట్టగానే పెరట్లో ఏదైనా పెంచాలని నీకు అనిపించింది చూడు, అది నాకు చాలా సంతోషం.

ముందు అసలు సంగతి విను. మనం కొనుక్కుని తినే అరటిపండులో గింజ లేదు. పండు మధ్యలో వరసగా కనబడే నల్ల చుక్కలు గింజలు కాబోయి ఆగిపోయినవి. అవి మట్టిలో వేస్తే మట్టిలోనే కలిసిపోతాయి. అడవి అరటికి ప్రతి కణంలో క్రోమోజోములు రెండు సెట్లు ఉంటాయి. మన అమృతపాణికీ, ఎర్ర అరటికీ, గ్రాండ్ నైన్‌కూ మూడేసి సెట్లు. మూడింటిని సమంగా రెండు పాళ్ళు చేయడం ఎట్లా కుదురుతుంది? అందుకే వాటిలో పుప్పొడీ అండమూ సరిగా తయారు కావు, గింజ కట్టదు. పుప్పొడి అందకపోయినా కాయ మాత్రం ఊరుతుంది. బీఎస్సీ బోటనీ చదివినదానివి, నీకు నేను చెప్పాలా ఇదంతా!

కాబట్టి ఎర్ర అరటి విత్తనాలని ఎవరైనా అమ్మితే అది అబద్ధం. ఆ నీలం అరటి కూడా అంతే. బ్లూ జావా అనే రకం నిజంగానే ఉంది, కాయ మీద వెండి బూడిద పూత ఉండి నీలంగా కనబడుతుంది. అది కూడా పిలకతోనే పెరుగుతుంది. పపువా న్యూ గినీలో కూక్ అనే బురద నేలలో మనుషులు 7,000 ఏళ్ళ కిందటే అరటి పెంచిన ఆనవాళ్ళు దొరికాయి. గింజ తక్కువా గుజ్జు ఎక్కువా ఉన్న చెట్టు కనబడితే దాని పిలకను తవ్వి నాటుకుంటూ, ఇచ్చిపుచ్చుకుంటూ మనుషులు అరటిని మన దాకా తెచ్చారు.

అయితే గింజల అరటి లేదనుకోకు. నీకు గుర్తుండదు, అప్పటికి నువ్వు పుట్టలేదు. మీ నాయిన మిలిటరీలో అస్సాం వైపు ఉన్నప్పుడు సెలవుకు వస్తూ భీమ్‌కోల్ పళ్ళు తెచ్చాడు. లావుగా, పొట్టిగా ఉన్నాయి. తొక్క తీసి కొరికితే పళ్ళ కింద కటుక్కుమంది. గుజ్జు నిండా మిరియమంత నల్లటి గింజలు, ఒక్కోటీ ఒక్కో ఆకారంలో, గోటితో నొక్కినా నలగనంత గట్టిగా ఉన్నాయి. మీ మామయ్య ఒక గింజను సుత్తితో కొడితే లోపల తెల్లటి పిండి కనబడింది. గుజ్జు మాత్రం ఎంత తియ్యగా ఉందో! అక్కడ తల్లులు ఆ గింజలన్నీ తీసేసి గుజ్జును పసిపిల్లలకు పెడతారట. తొక్కను కాల్చిన బూడిదతో తీసిన క్షారపు నీళ్ళు కూరల్లో పోస్తారట. మన మార్కెట్‌కు అట్లాంటివి రావు గనక మనకు తెలియలేదు, అంతే.

ఇప్పుడు నీ ప్యాకెట్ సంగతి. గింజలను అరచేతిలో పోసుకుని చూడు. నున్నగా, గుండ్రంగా, మెరుస్తూ ఉంటే అవి మెట్టతామర గింజలు అయి ఉండొచ్చు. దాని ఆకు కూడా అరటాకు పోలికలోనే ఉంటుంది గనక మొలిచాక కొన్నాళ్ళు మోసపోతావు. బటానీ కన్నా పెద్దగా ఉంటే అది కొండ అరటి జాతి. పడమటి కనుమల కొండరాళ్ళ మధ్య పెరిగే చెట్టు, కన్నడ దేశంలో కల్లుబాళె అంటారు. దానికి పిలకలే రావు, గింజ తప్ప వేరే దారి లేదు. వేసవిలో ఆకులన్నీ రాలి దుంప మాత్రం మిగులుతుంది, వానలకు మళ్ళీ లేస్తుంది. ఒక్కసారి గెల వేసి చచ్చిపోతుంది. చూడటానికి గొప్ప చెట్టు, తినడానికి పనికిరాదు. ఇక చిన్నగా, గరుకుగా, వంకరటింకరగా ఉంటే అసలైన అరటి గింజే. ఇంట్లో పెంచుకోవడానికి నాకు నచ్చేది గులాబీ అరటి. ఈశాన్య రాష్ట్రాల అడవుల్లోది, మనిషి ఎత్తు మించదు, గులాబీ రంగు కాయల మీద నూగు ఉంటుంది, పండగానే తొక్క తనంతట తానే విచ్చుకుంటుంది. కుండీలో బతుకుతుంది. అదే అయితే నీ అదృష్టం.

నాటడానికి మాత్రం తొందరపడకు. ఇప్పుడు ఈ చలిలో వద్దు, శివరాత్రి దాటనివ్వు. అరటి గింజకు పగలొక వేడి, రాత్రొక వేడి తగలాలి. ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచితే చాలా గింజలు కదలవు. పగలు 35, రాత్రి 20 డిగ్రీల దగ్గర ఉంటే మంచిగా మొలుస్తాయి. శివరాత్రికీ ఉగాదికీ మధ్య మన బొగ్గుబాయిల దిక్కు వాతావరణం సరిగ్గా అట్లాగే ఉంటుంది. ఏప్రిల్ ముదిరితే ఆ ఎండకు కుండీలో మట్టి ఉడికిపోతుంది, పైలం.

గింజలను అల్లుడి దగ్గరుండే ఎమరీ పేపర్ మీద రెండు మూడు సార్లు రుద్దు, పైపైన చాలు. తర్వాత రెండు రోజులు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టు, పూటపూటకూ నీళ్ళు మార్చు. ఇసుకా, కొబ్బరి పొట్టూ, చివికిన ఎరువూ కలిపి, అర అంగుళం లోతున పెట్టు. నీళ్ళు చిలకరించు, పోయకు. పైన పల్చటి కవర్ కప్పి వెలుగు పడే చోట ఉంచు, నేరుగా ఎండలో వద్దు. ఇక అక్కడి నుంచి చెయ్యి పెట్టకు! నీ సంగతి నాకు తెలుసు, చిన్నప్పుడు మెంతులు వేసి తెల్లారి వేలితో కెలికి చూసేదానివి. ఇవి మూడు వారాలకు రావచ్చు, మూడు నెలలకు రావచ్చు. ఒకటి మొలిచి పక్కది ఇంకో నెలకు మొలవచ్చు. మొదటి ఆకు సన్నటి గొట్టంలా చుట్టుకుని బయటికొస్తుంది. గడ్డి పరక అనుకుని పీకేయకు తల్లీ. మూడు నాలుగు ఆకులు వచ్చాక పెద్ద కుండీకి మార్చు, ఎండను కొద్దికొద్దిగా అలవాటు చెయ్యి.

పండు తినాలని ఉంటే మాత్రం పిలకే పెట్టుకో. ఇందులో నేను చేసిన తప్పు నువ్వు చేయొద్దు. మేము ఆ కాలనీలో ఉన్నప్పుడు పక్క క్వార్టర్ వాళ్ళది కొవ్వూరు వైపు. ఊరికి పోయి వస్తూ గోనెసంచిలో అమృతపాణి పిలక తెచ్చి నాకిచ్చారు. మొదటి గెల పండినప్పుడు వంటింట్లోకి అడుగు పెడితే చాలు, వాసన తెలిసేది. గోడ మీదుగా చుట్టుపక్కల ఇళ్ళన్నిటికీ హస్తాలు అందించాను. తర్వాత దాని పిలక ఎదిగే వయసులో కింది ఆకులు అంచుల నుంచి పసుపెక్కాయి. కాడలు విరిగి, ఆకులన్నీ కాండం చుట్టూ లంగాలా వేలాడాయి. నీళ్ళు తక్కువయ్యాయనుకుని ఇంకా పోశాను. చివరికి నరికి చూస్తే కాండం లోపల గోధుమ ఎరుపు చారలు. అది పనామా తెగులు. నేను అది తెలుసుకోకుండా అదే గుంతలో ఇంకో అమృతపాణి పిలక పెట్టాను. అదీ పోయింది. ఆ శిలీంధ్రం మట్టిలో ఏళ్ళ తరబడి, దశాబ్దాల దాకా కూడా ఉంటుందట. పెంచిన చెట్టు అట్లా చేతిలోనే పోతే ఎంత బాధో నీకు రాకూడదు.

అందుకే నీ పెరట్లో ఇంతకుముందు ఎవరైనా అరటి పెంచారేమో, అది ఎట్లా పోయిందో పక్కింటివాళ్ళను అడుగు. అనుమానం ఉంటే ఆ మూల వదిలెయ్. ఆ మట్టి అంటిన పార కడగకుండా వేరే గుంతలో వాడకు. పిలక తీసుకునేటప్పుడు తల్లిచెట్టును చూడు. ఆకులు తల దగ్గర పొట్టిగా, గుత్తిగా ముడుచుకుపోయి ఉంటే ఎవరు ప్రేమతో ఇచ్చినా తీసుకోకు, అది వైరస్. సన్నటి ఆకుల సూది పిలక మంచిది. వెడల్పాటి ఆకులు వేసిన పిలక చూడటానికి బాగుంటుంది గానీ దుంప బలం ఉండదు. ఒకటిన్నర అడుగు గుంత తీయించు, గోడకు దూరంగా. వేపపిండి వెయ్యి. గెల వేసేదాకా పక్క పిలకలు కోసేస్తూ ఉండు, ఒక్కటే వారసత్వానికి ఉంచు. ఆకుల మీద బొగ్గు దుబ్బ పేరుకుంటుంది, సాయంత్రం పూట నీళ్ళతో కడుగు. ఈదురు గాలికి ఆకులు చీలితే దిగులు పడకు, చెట్టుకేం కాదు. గెల బరువెక్కినప్పుడు బొంగుతో ఊతం ఇవ్వడం మాత్రం మరిచిపోకు.

ఇంత చెప్పాక, మరి గింజలు పారేయమంటావా అత్తా అని అడుగుతావు. వద్దు, పారేయకు. పిలకతో పెరిగిన అమృతపాణులన్నీ ఒకే చెట్టు లెక్క, ఒకదానికి వచ్చిన రోగం అన్నిటికీ వస్తుంది. వెనక గ్రోస్ మిషెల్ అనే రకం అమెరికా, ఐరోపా బజార్లన్నీ ఏలింది. ఇదే పనామా తెగులు దాని తోటలను తినేస్తే 1950ల తర్వాత వ్యాపారులు కావెండిష్ జాతికి మారారు. మన గ్రాండ్ నైన్ ఆ జాతిదే. ఇప్పుడు దానికీ కొత్త రకం పనామా తెగులు వచ్చింది, బిహార్ తోటల్లో కనబడింది. అనంతపురం రైతులు గ్రాండ్ నైన్ నమ్ముకునే బతుకుతున్నారు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబయి ఓడరేవుకు ప్రత్యేక రైలులో అరటి వెళ్ళిందని చదివి ఎంత సంబరపడ్డానో. ఆ తోటలకు ఏమైనా అయితే? రోగాన్ని తట్టుకునే గుణం కోసం శాస్త్రవేత్తలు వెతికేది గింజలున్న ఆ అడవి అరటుల్లోనే. ఒక్కో గింజా ఒక్కో కొత్త మొక్క, తల్లికీ తనకూ తేడా ఉండొచ్చు. తిరుచ్చిలో 1993 నుంచి జాతీయ అరటి పరిశోధన కేంద్రం ఉంది, మన కొవ్వూరులోనూ పరిశోధన స్థానం ఉంది. నీకు బోటనీ అంటే ఇష్టం ఉండేది గదా. పెళ్ళయింది, క్వార్టర్ వచ్చింది అని చదువు మూలన పెట్టకు. పక్కనే మంథని జేఎన్‌టీయూ కాలేజీ ఉంది, పిల్లలకు ట్యూషన్ చెప్పినా సరే, ఎంఎస్సీకి దూరవిద్యలో కట్టినా సరే. ఫీజు సంగతి నాకు వదిలెయ్, మీ నాయినకు చెప్పకు.

ఒంటరిగా ఉన్న రాత్రులు గొళ్ళెం సరిగా వేసుకో. రంది పెట్టుకోకు. మృగశిర కార్తెకు వస్తాను, పిలక నేనే తెస్తాను, అందరికీ గెలలిస్తున్న కర్పూర చక్కెరకేళి ఒకటి చూసి పెట్టాను. వేసవిలోనే గుంత తవ్వించి ఎండ తగలనివ్వు. ఈలోగా గింజలను రూపాయి బిళ్ళ పక్కన పెట్టి వెలుతురులో ఇంకో ఫొటో తీసి పంపు, అవేమిటో చూసి చెబుతాను. అప్పటిదాకా నానబెట్టకు.

నీ మేనత్త